గాజు ఊదేవాడి సాక్ష్యం

ఇవాళ ఆమెకి వీడ్కోలు సభ.
డైరెక్టరు ఆమె వ్యాసాల సంఖ్య చదివాడు.
నా లెక్క వేరు:
ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె కోసం ఊదిన గొట్టాలు
నాలుగువేల పైచిలుకు.
చీపురుపుల్లంత లావు, అరచేయంత పొడవు,
గోడ ఉల్లిపొర కన్నా పల్చన.

అందులో చిటికెడు పొడి పోసేది రైసా ఇన్నొకెంత్యెవ్నా.
తెల్లమట్టికి పట్టించిన రాగి.
ఉత్ప్రేరకమంటే ఏమిటని మొదట్లో అడిగాను.
"పెళ్లి కుదిర్చి
భోజనానికి కూర్చోకుండా వెళ్లిపోయేవాడు" అంది.
మరి వాడికేం మిగులుతుంది?
"చెప్పుల అరుగుదల."
వేళాకోళం అనుకున్నాను.
ఆమె బతుకంతా వెతికింది ఆ అరుగుదలనేనని
తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఓబ్ నది గడ్డకట్టాకే
మా వంతు వచ్చేది, అదీ రాత్రిపూటే.
ఎలక్ట్రాన్లు గిర్రున తిరిగే హాలు వెనక సీసపు గది.
గదిలో నా గొట్టం, కింద పొయ్యి, లోపల వాయువు,
అడ్డంగా దూసుకుపోయే కనపడని వెలుగు.
బయట మైనస్ ముప్పై ఎనిమిది.
తెర మీద ఒక గీత పాకేది,
కాసేపు బల్లపరుపుగా,
ఉన్నట్టుండి నిట్టనిలువుగా.
ఎనిమిదివేల తొమ్మిదివందల డెబ్బై తొమ్మిది దగ్గర
ఆమె వేలు ఆగేది.
"ఇదీ అంచు. పైకి జరిగిందా, రాగి ఏదో పోగొట్టుకుంది.
కిందికి జరిగిందా, తిరిగి రాబట్టుకుంది.
అంచు దాటాక ఈ అలలు చూడు,
పక్కన ఎవరున్నారని పరమాణువు కేకేస్తుంది,
పక్కవాడికి తగిలి కేక వెనక్కొస్తుంది.
దాన్నిబట్టే వాడెంత దూరమో."
చల్లారిన టీ గ్లాసుతో నేను
మా ఆవిడ పోయిన ఏడాది
వర్క్‌షాపులోనే పడుకున్న రాత్రుల్ని తలుచుకున్నాను.
ఆమెతో అనలేదు.

జీతాలు ఆగిన ఏళ్లలో
బంగాళాదుంపలు తవ్వుకు తింటూ రాసిన వ్యాసం
ఆమెకి పేరు తెచ్చింది:
పనిచేసే వేళ రాగి నిజంగా లోహమైపోతుందని.
ఆరేళ్లు అందరూ దాన్నే ఉదహరించారు.

ఏడో ఏట ఒక రాత్రి
కుర్రాడు తిమూర్ పొయ్యి వెలిగించడం మరిచాడు.
గొట్టం చల్లగా ఉంది.
వాయువు సీసా మూత కూడా తిప్పలేదు.
అయినా అంచు జరిగింది.
మెల్లగా, ఎప్పట్లాగే, కిందికి.

ఎవరం మాట్లాడలేదు. పంపు మాత్రం గుడగుడమంటోంది.
పసిపిల్లకి చూపు తగిలిందంటారే,
అలా రాగికి మా వెలుగు తగిలింది.
దాన్ని మార్చింది పని కాదు,
ఆరేళ్లుగా కళ్లార్పకుండా చూస్తున్న మేమే.

"పొడుగు గొట్టం కావాలి" అంది తెల్లవారాక,
"మూరెడు. ఒక్కోచోట ఒక్క రెప్పపాటే చూస్తాను,
చూసిన చోటు మళ్లీ చూడను."
మూడు పగిలాయి, నాలుగోది నిలిచింది.

తిమూర్ బతిమాలాడు: ఎవరూ కనిపెట్టలేదు కదా,
ఆ వ్యాసాన్ని అలా ఉండనివ్వమని.
"నీ ఇంగ్లీషు నాకన్నా బాగుంటుంది,
ఉపసంహరణ ఉత్తరం నువ్వే టైపు చెయ్యి" అంది.
చేశాడు, ముక్కు చీదుకుంటూ.
తర్వాత నాలుగేళ్లు ఆమెని ఏ సభకీ పిలవలేదు.
నా దగ్గరికి మాత్రం గొట్టాల కోసం వచ్చేది,
సోమవారం సోమవారం,
చలికోటు మీద మంచు దులుపుకుంటూ.

డైరెక్టరు ముగింపులో అన్నాడు:
తాను మారకుండా అందరినీ మార్చిన మనిషి అని.
చప్పట్లు.
రైసా నావైపు చూసింది.
ఊది ఊది వదులైపోయిన నా బుగ్గలకేసి చూసి
తన చెంప మీద వేలితో రెండుసార్లు తట్టింది.
నాకు నవ్వొచ్చింది, సభలో నవ్వకూడదు,
దగ్గు తెచ్చుకున్నాను.

గుమ్మం దగ్గర తిమూర్ ఆపాడు. జుట్టు నెరిసింది వాడికీ.
రేపటికి పన్నెండు కావాలట,
గోడ ఇంకా పల్చగా.